కొమ్ములున్న జంతువు మాంసం తింటుందా? మా వాడి హోంవర్క్‌లో ఇంటు పడింది

నల్లకుంట_నాన్న

అందరికీ నమస్తే. డైనోసార్ల గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి, మూడు రోజులుగా ఇంట్లో ఒకటే లొల్లి.

మా వాడు మూడో క్లాసు. జనవరిలో నుమాయిష్‌కి పోయినప్పుడు బేరమాడి నూటేభైకి ఒక రబ్బరు డైనోసార్ బొమ్మ కొనిచ్చాను. జానెడు పొడుగు, ఇటుక రంగు, కళ్లపైన రెండు పొట్టి కొమ్ములు, వీపు మీద వరసగా బొడిపెలు, ముందు చేతులైతే అగ్గిపుల్ల విరిచి అతికించినట్టు ఉంటాయి. పొట్ట కింద కార్నోటారస్ అని పేరు అచ్చు ఉంది. ఆ రోజు నుంచి వాడికి అదే లోకం. పక్కలో పెట్టుకునే పడుకుంటాడు, పొద్దున లేచి చూస్తే నా వీపు మీద దాని కొమ్ముల గుర్తులు.

మొన్న హోంవర్క్‌లో మాంసాహార జంతువులు ఐదు రాయమన్నారు. వీడు పులి, సింహం, తోడేలు, మొసలి రాసి, ఐదోది కార్నోటారస్ అని రాసి పక్కన బొమ్మ కూడా వేశాడు, కొమ్ములతో సహా. మొదటి నాలుగింటికి టిక్కు, ఐదోదానికి ఎర్ర ఇంకుతో ఇంటు. కింద 'కొమ్ములున్న జంతువులు శాకాహారులు' అని రాసి పంపారు. వాడు ఆ రోజు అన్నం తినలేదు.

దానికి తోడు మా నాన్న టీచరమ్మ వైపే. ఆయన నలభై ఏళ్లు వ్యవసాయం చేసి వచ్చిన మనిషి. "కొమ్ములున్నది మేస్తది, కోరలున్నది కరుస్తది, రెండూ ఒక్కదానికే ఇచ్చిన దేవుణ్ని నేనైతే చూడలే" అంటాడు. ఆలోచిస్తే నాకూ నిజమే అనిపిస్తోంది. ఎద్దు, మేక, జింక, ఖడ్గమృగం, ఏది తీసుకున్నా గడ్డే కదా. మరి ఈ బొమ్మ చేసినవాళ్లు ఏదో ఊహించి పెట్టేశారా, లేక నిజంగా అలాంటిది ఉండేదా? ఉంటే మాంసం తినేదానికి కొమ్ములు ఎందుకు, పొడిచి చంపడానికా? ఆ చేతులతో ఏం పట్టుకునేది? స్కూల్‌కి వెళ్లి గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదు, పిల్లాడికి మాత్రం సరైన మాట చెప్పాలని ఉంది.

రాతిపలక

మీ వాడిదే కరెక్ట్. ముందు వాడికి అన్నం పెట్టండి.

టీచరమ్మది పెద్ద తప్పని కూడా అనను. ఇప్పుడు బతికున్న జంతువుల వరకు మీ నాన్నగారి మాట దాదాపు నిలబడుతుంది, కొమ్ములున్న పులిని ఎవరం చూడలేదు. డైనోసార్ల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క చెల్లదు, అంతే. నేను ఓయూలో జియాలజీ చదివి ఇప్పుడు గచ్చిబౌలిలో దానికి ఏమాత్రం సంబంధం లేని ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ని, ఇలాంటి టాపిక్ దొరికితే ఆగలేను, పెద్ద పోస్టు అయితే తిట్టుకోకండి.

పేరులోనే ఉంది విషయం. లాటిన్ మాటల్ని కలిపి పెట్టిన పేరు అది, అర్థం 'మాంసం తినే ఎద్దు'. 1984లో అర్జెంటీనా దక్షిణాన చుబుత్ అనే రాష్ట్రంలో ఒకాయన భూమిలో దొరికింది. హోసే బోనపార్తే అనే శాస్త్రవేత్త 1985లో దానికి పేరు పెట్టి లోకానికి చెప్పాడు. పూర్తి పేరు కార్నోటారస్ సాస్ట్రేయి, ఆ రెండో మాట ఆ భూమి యజమాని ఇంటిపేరు నుంచి వచ్చింది (మన దగ్గర పొలంలో పాత రాయి ఒకటి బయటపడితే రాత్రికి రాత్రే గుడి కడతారు, అక్కడ డైనోసార్‌కి ఇంటిపేరు ఇచ్చారు). బతికింది సుమారు 7 కోట్ల ఏళ్ల కిందట, అంటే డైనోసార్ల కాలం చివరాఖర్లో. దొరికిన అస్థిపంజరం ఇనుము నిండిన గట్టి రాతి గడ్డలో ఇరుక్కుని ఉంది, ఎముకల చుట్టూ రాయిని ఒలవడానికి చాలా కష్టపడ్డారట. ఈ జంతువు గురించి మనకు తెలిసిందంతా ఆ ఒక్క అస్థిపంజరం నుంచే.

సైజు చెప్పాలంటే మూడు ఆటోల్ని వరసగా నిలబెట్టండి, ముక్కు నుంచి తోక దాకా దాదాపు అంత, 7.5 నుంచి 8 మీటర్లు. బరువు ఒకటిన్నర రెండు టన్నులు. ఆ పొడుగుకి ఆ బరువు తక్కువే, సన్నటి ఒళ్లు. తల మాత్రం పొడుగుగా ఉండదు, అరవై సెంటీమీటర్లు ఉంటుందేమో, మూతి పొట్టిగా, ఎత్తుగా ఉంటుంది. కళ్లు కాస్త ముందుకు చూస్తున్నట్టు ఉంటాయి.

మాంసం తినేదని ఎలా తెలుసంటే పళ్లు. గడ్డి నమిలే జంతువుకి తిరగలి రాళ్లలాంటి వెడల్పు పళ్లు కావాలి. దీనికి సన్నగా, పొడుగ్గా, లోపలికి వంగి, అంచున రంపంలా నొక్కులున్న పళ్లు. వాటితో నమలడం కుదరదు, కోయడమే. మీ నాన్నగారిని ఒకసారి ఆ బొమ్మ నెత్తి వదిలేసి నోరు చూడమనండి.

కొమ్ములు కూడా ఎవరో ఊహించి పెట్టినవి కావు. నుదుటి ఎముకలోంచే పుట్టినవి, ఒక్కోటి 15 సెంటీమీటర్ల దాకా, పక్కలకి కొంచెం పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అది లోపలి ఎముక మాత్రమే, పైన తొడుగు ఉండి ఉంటుంది కాబట్టి బతికున్నప్పుడు ఇంకా పొడుగే. చేతుల గురించి తర్వాత రాస్తా, మీటింగ్‌కి పిలుస్తున్నారు.

సదర్_పోరడు

రాతిపలక అన్న చెప్పిన తొడుగు మాట నాకు కళ్లారా తెలుసు. మాకు అంబర్‌పేటలో తాతల కాలం నుంచి బర్రెలున్నయి. ఒకసారి మా గేదె ఒకటి ట్రాలీ ఆటోకి తల కొట్టుకుంది. కొమ్ము మొత్తం విరిగిందనుకున్నం. చూస్తే పై తొడుగు ఒక్కటి బోలుగా ఊడి రోడ్డు మీద పడింది, చేతిలోకి తీసుకుంటే లోటా లెక్క ఖాళీ. నెత్తి మీద చూస్తే లోపల సన్నగా ఇంకో కొమ్ము, ఎర్రగా, రక్తం కారుతూ. అది ఎముక. మా తాత పసుపు పెట్టి గుడ్డ కట్టిండు. ఆ తొడుగు ఇప్పటికీ మా ఇంట్ల అటక మీదుంది.

అంటే డైనోసార్ కొమ్ముకి కూడా అట్లనే గోరు లాంటి తొడుగు ఉండేదన్నమాట. కానీ నాకొక డౌటు. అంత పొట్టి కొమ్ములు, అదీ పక్కలకి ఉన్నయి, వాటితో ఏం పొడుస్తది? మా దున్నల్ని చూస్తే పొడవాలనుకున్నప్పుడు తల వంచి కొమ్ము మొన ముందుకు తెస్తయి. దీని కొమ్ము అట్ల తిరగదు కద.

టీరెక్స్_ఫ్యాన్_కూకట్‌పల్లి

ఇంత డిస్కషన్ ఎందుకు బాస్. కొమ్ములతో వేటాడేది, సింపుల్. పరిగెత్తుకొచ్చి పెద్ద డైనోసార్ పొట్టలో గుద్ది చంపేది. సినిమాల్లో చూడలేదా, టీరెక్స్ అంత ఉంటుంది. పిల్లాణ్ని బిర్లా ప్లానెటోరియం పక్కన మ్యూజియంకి తీసుకెళ్లండి, అక్కడ నిలబెట్టింది ఇదే జాతి అస్థిపంజరం, మన ఆదిలాబాద్‌లో దొరికింది. చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో చూశా.

రాతిపలక

కూకట్‌పల్లి బ్రదర్, మూడు మాటలు రాశావు, మూడూ కొంచెం కొంచెం పక్కకెళ్లాయి. కోపం తెచ్చుకోకు.

బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్నది కోటసారస్. అది పొడుగు మెడ, ఏనుగు కాళ్లు ఉండే శాకాహారి. గోదావరి, ప్రాణహిత లోయలో యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన ఎముకలు అవి, 1988లో యాదగిరి గారు దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అక్కడి కోట రాతి పొరల పేరు, ఊరి పేరు రెండూ కలిశాయి. కార్నోటారస్ కంటే పది కోట్ల ఏళ్లకు పైగా పాతది. రెండింటికీ చుట్టరికం లేదు. మ్యూజియంకి మాత్రం తప్పకుండా తీసుకెళ్లాలి, అది నిజం.

సైజు కూడా సినిమాలో పెంచారు. టీరెక్స్ పన్నెండు మీటర్ల మనిషి, సారీ, జంతువు. కార్నోటారస్ బరువు దాని బరువులో నాలుగో వంతు ఉంటుందేమో.

ఇక కొమ్ములతో వేట. సదర్ తమ్ముడు అడిగిన ప్రశ్నే శాస్త్రవేత్తలూ అడిగారు. ఆ కొమ్ములు పొడవడానికి వీలైన దిక్కులో లేవు, పైగా నోటి నిండా కత్తులు పెట్టుకుని నెత్తితో చంపాల్సిన అవసరం ఏముంది? ఎక్కువమంది చెప్పేది ఇది తమలో తాము కొట్టుకోవడానికి అని. ఆడదాని కోసమో, ఇలాకా కోసమో రెండు మగవి ఎదురుపడితే నోటితో కరుచుకుంటే రెండూ చస్తాయి. అందుకని నెత్తి బలం చూసుకునేవి. దాని మెడ ఎముకలు, కండరాలు పట్టుకునే చోట్లు చాలా బలంగా ఉన్నాయి, ఆ మాటకి అది ఒక ఆధారం. ఎలా కొట్టుకునేవన్న దగ్గర మాత్రం గొడవ ఉంది. దూరం నుంచి పరుగెత్తుకొచ్చి ఢీకొట్టేవని కొందరు, అలా కొడితే ఆ పుర్రె తట్టుకోదు, నెమ్మదిగా నెత్తులు ఆనించి తోసుకునేవని ఇంకొందరు. కేవలం సోకు కోసం, ఎదుటివాడికి చూపించి భయపెట్టడానికి అనే మాట కూడా ఉంది.

సదర్_పోరడు

అన్నా ఇది నాకు మంచిగ సమజైంది. ఊళ్ల జాతరలో పొట్టేళ్లని చూసిన, అవి పది అడుగులు వెనక్కి పోయి ఉరికొచ్చి ఢీ కొడతయి, టెంకాయ పగిలిన చప్పుడొస్తది. దున్నలు అట్ల కాదు. సదర్ అంటే మా దున్నల పండుగ, దాని ముందు రోజుల్లో మేం వాటిని వాకింగ్‌కి తోలుకపోతం కద, రెండు ఎదురుపడ్డయంటే ఉరకవు. దగ్గరికొచ్చి నొసలు నొసలు ఆనించి నిలబడతయి. చూసేటోళ్లకి ఏం జరుగుతలేదనిపిస్తది. కింద కాళ్లు చూడాలె, గిట్టలు తారు రోడ్డులకు దిగబడుతున్నట్టు ఉంటయి, తొడలు వణుకుతయి. ఒకటి అర అడుగు వెనక్కి జరిగిందంటే అయిపోయింది, తల తిప్పుకుని పోతది. రక్తం రాదు, ఏం రాదు. కొమ్ములు ఏం చేస్తయంటే ఎదుటిదాని తల పక్కకి జారకుండ లాక్ చేస్తయి.

కార్నోటారస్ కొమ్ములు పక్కలకున్నయంటే నా ఓటు దున్న స్టైల్‌కే. మా దున్నలే టన్ను దాటినయి ఉన్నయి, ఇదేమో రెండు టన్నులు, ఇంక ఆ తోపుడు ఎట్లుండేదో.

రాతిపలక

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాక నా ఓటు కూడా అటే.

ఇప్పుడు చేతులు. టీరెక్స్ చేతులు చిన్నవని అందరూ నవ్వుతారు, దీనివి చూస్తే టీరెక్స్ పహిల్వాన్. భుజం నుంచి మోచేయి వరకు ఎముక సుమారు 28 సెంటీమీటర్లు, ఎనిమిది మీటర్ల జంతువుకి! మోచేయి కింద ఎముకలు దాంట్లో నాలుగో వంతు, అంటే మీ టూత్‌బ్రష్‌లో సగం. మణికట్టు ఎముకలే కనిపించవు, చెయ్యి నేరుగా మోచేతికి అతికించినట్టు ఉంటుంది. అయినా వేళ్లు నాలుగు, టీరెక్స్‌కి ఉన్నవి రెండే. వాటితో పట్టుకునేది ఏమీ లేదు, పని మొత్తం నోటిదే. ఆ బొమ్మ చేసినవాడెవడో అగ్గిపుల్లలు పెట్టాడంటే తెలిసినవాడే.

దాని అసలు బలం తోకలో ఉంది. తోక మొదట్లో నుంచి తొడ ఎముకకి ఒక కండరం ఉంటుంది, కాలిని వెనక్కి గుంజేది అదే. 2011లో పర్సన్స్, కరీ అనే ఇద్దరు ఆ తోక ఎముకలు కొలిచి లెక్కగడితే ఒక్కో వైపు కండరమే 111 నుంచి 137 కిలోలు తేలింది. రెండు వైపులా కలిపి రెండు క్వింటాళ్ల పైన. మరి ఆ కండ అంతా పట్టడానికి తోక ఎముకల పక్క కొమ్మలు పైకి లేచి, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నట్టు అయ్యాయి. దాంతో తోక కర్రలా బిగుసుకుపోయింది. ఫలితం ఏంటంటే నేరుగా ఉరికితే దీన్ని అందుకోవడం కష్టం, మలుపు తిరగాలంటే మాత్రం ఒళ్లంతా ఒకేసారి తిప్పాలి. మెహదీపట్నం నుంచి ఫ్లైఓవర్ ఎక్కిన కారులాగా ఆరాంఘర్ దాకా దూసుకుపోతుంది, అదే పాతబస్తీ గల్లీలో వదిలితే రెండో మలుపులో గోడకి గుద్దుకుంటుంది. మీ వాడికి ఇది నచ్చుతుంది చూడండి.

చర్మం గురించి ఒక్క మాట. ఆ అస్థిపంజరంతో పాటు చర్మం అచ్చులు కూడా రాతిలో మిగిలాయి, ఇంత పెద్ద మాంసాహారికి అలా దొరకడం అరుదు. ఈకలు లేవు. చిన్న చిన్న పొలుసులు, వాటి మధ్య అక్కడక్కడ పెద్ద బొడిపెలు. ఆ బొడిపెలు వరసల్లో ఉంటాయని బోనపార్తే రాశాడు, బొమ్మలన్నీ అలాగే తయారయ్యాయి, మీ ఇంట్లో బొమ్మ కూడా. 2021లో ఆ అచ్చుల్ని మళ్లీ దగ్గరగా చూసి వరసలేం లేవు, అడ్డదిడ్డంగా ఉన్నాయని తేల్చారు.

బయాలజీ_అక్క

నేను గవర్నమెంట్ స్కూల్లో బయాలజీ చెప్తాను, టీచర్ల తరఫున ఒక మాట చెప్పుకోనివ్వండి. నలభై ఐదు నోటుబుక్కులు దిద్దే సమయంలో, పాఠంలో లేని పేరు కనపడితే చేతిలో పెన్ను ఇంటు వైపే పోతుంది. నేనూ వేశాను అలాంటి ఇంట్లు. మీ బాబు టీచర్‌గారికి కోపంగా కాకుండా ఒక చిన్న కాగితం మీద రాసి పంపండి, నూటికి తొంభైమంది దిద్దుకుంటారు.

రాతిపలక గారూ, మడగాస్కర్ కథ చెప్పలేదేంటి? ఇక్కడ సరిగ్గా అతికేది అదే కదా. మన దేశంలో కూడా కొమ్ము డైనోసార్ ఉండేదని చదివాను, రాజాసారస్ అని. అది కూడా ఈ కుటుంబమేనా? ముక్కు మీద కొమ్ముండే సెరటోసారస్ అని ఇంకొకటి ఉంది, పిల్లలు రెండూ కలిపేస్తుంటారు.

రాతిపలక

అక్కా, దాచుకున్నదంతా లాగుతున్నారు.

సెరటోసారస్ వేరే, చాలా పాతది. అమెరికాలో దొరికింది, మార్ష్ అనే ఆయన 1884లో పేరు పెట్టాడు. దానికి ముక్కు మీద ఒక పలుచటి కొమ్ము, కళ్ల ముందు ఇంకో జత, వీపు పొడుగునా చిన్న ఎముక బిళ్లలు. అదీ మాంసాహారే. అంటే కొమ్ముల మాంసాహారి ఒక్కటి కాదు, బోలెడు.

మడగాస్కర్ సంగతి నల్లకుంట గారు ప్రింట్ తీసి టీచరమ్మకి ఇవ్వాల్సినంత బాగుంటుంది. అక్కడ పుర్రె పైభాగం ముక్క ఒకటి దొరికింది, నడినెత్తిన గుండ్రటి బొడిపె. మిగతా తల లేదు, పళ్లు లేవు. నెత్తి మీద బొడిపె ఉంది కాబట్టి ఇది నెత్తితో ఢీకొట్టే శాకాహారి డైనోసార్ అనుకుని 1979లో మజుంగాథోలస్ అని పేరు పెట్టేశారు. మీ టీచరమ్మ లెక్కే, నెత్తిన ఏదో ఉంటే గడ్డి తినేదే! తర్వాత 1996లో అదే దీవిలో దాదాపు పూర్తి పుర్రె బయటపడింది. పైన చూస్తే అదే బొడిపె, కింద చూస్తే నోటి నిండా కత్తి పళ్లు. దాదాపు ఇరవై ఏళ్లు శాకాహారి అని పిలిచింది ఆ దీవిలో అన్నింటికంటే పెద్ద మాంసాహారి అని తేలింది. ఇప్పుడు దాన్ని మజుంగాసారస్ అంటున్నారు. దాని పళ్ల గాట్లు దాని జాతి ఎముకల మీదే కనిపించాయి, అంటే తనవాళ్లని కూడా తినేది. శాకాహారి ఎంత శాకాహారో చూడండి.

రాజాసారస్ దగ్గరికి వస్తే, అవునక్కా, అదే కుటుంబం. అబెలిసారిడ్లు అంటారు. గుజరాత్‌లో బాలాసినోర్ పక్కన రాహియోలి అనే ఊరు, అక్కడ 1982 నుంచి 84 వరకు జియలాజికల్ సర్వేకి చెందిన సురేశ్ శ్రీవాస్తవ ఎముకలు ఏరి, ఏ ఎముక ఎక్కడ పడుందో మ్యాప్ గీసి పెట్టారు. తర్వాత ఆ ఎముకలు ఏళ్ల తరబడి అరల్లోనే ఉండిపోయాయి. చివరికి మనవాళ్లూ అమెరికా వాళ్లూ కలిసి వాటిని జోడించి 2003లో రాజాసారస్ నర్మదెన్సిస్ అని పేరు పెట్టారు. దానికి రెండు కొమ్ములు కాదు, నుదుటి మీద ఒకటే పొట్టి కొమ్ము. ఆరేడు మీటర్ల పొడుగు. రెండు కొమ్ములది అర్జెంటీనాలో, బొడిపెది మడగాస్కర్‌లో, ఒంటికొమ్ముది గుజరాత్‌లో. ఇవన్నీ చుట్టాలెలా అయ్యాయంటే ఆ నేలలన్నీ ఒకప్పుడు ఒకే ఖండం, గోండ్వానా. ఆ పేరు కూడా మన గోండుల నేల నుంచి వెళ్లిందే. మనమూ మడగాస్కరూ విడిపోయింది సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట, ఆ తర్వాత ఎవరి కొమ్ములు వాళ్లవి.

టీరెక్స్_ఫ్యాన్_కూకట్‌పల్లి

ఓకే ఓకే, బిర్లా విషయంలో నేనే రాంగ్, చిన్నప్పటి జ్ఞాపకం. మరి మన హైదరాబాద్‌లో ఎందుకు దొరకవు? జూబ్లీహిల్స్‌లో ఇన్ని రాళ్లు పగలగొట్టారు, ఒక్క బొక్క కూడా రాలేదా?

రాతిపలక

రాదు బ్రదర్. మన రాయి గ్రానైటు, భూమి లోపల కరిగిన రాయి గడ్డకట్టి అయింది, వయసు 250 కోట్ల ఏళ్లు. అప్పటికి డైనోసార్లు కాదు కదా చేప కూడా లేదు. ఎముక దాగాలంటే బురదో ఇసుకో పొరలుగా పేరుకోవాలి. అందుకే గోదావరి లోయకి పోవాలి.

కానీ దగ్గర్లో ఒకటుంది. వికారాబాద్ వైపు దక్కన్ లావా పొరలున్నాయి కదా, ఒక లావాకీ ఇంకో లావాకీ మధ్య చెరువులు ఉండేవి, ఆ మట్టి పొరలు మిగిలాయి. అక్కడ నాస్కల్ అనే ఊళ్లో దక్కనోలెస్టిస్ అనే బుల్లి జంతువు పళ్లు దొరికాయి, 1988లో పేరు పెట్టారు. చుంచెలుక అంత ఉంటుంది. పాలిచ్చే జాతి, అంటే మన వైపు చుట్టం. రాజాసారస్ గుజరాత్‌లో తిరుగుతున్న రోజులకి కాస్త అటూ ఇటూగా ఇది ఇక్కడ పురుగులు ఏరుకుని తినేది. అనంతగిరికి బిర్యానీ డబ్బాలు పట్టుకుపోయే జనంలో ఒక్కడికీ ఈ సంగతి తెలియదు, నాకదే బాధ.

నల్లకుంట_నాన్న

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. అక్క చెప్పినట్టు చిన్న కాగితం రాసి పంపాను, మడగాస్కర్ కథ నాలుగు లైన్లలో పెట్టి. టీచరమ్మ ఇంటుని టిక్కుగా మార్చారు, అదే ఇంటుకి కింద ఒక గీత లాగి. బొమ్మని క్లాసుకి తెమ్మన్నారట కూడా. మా నాన్న మాత్రం పళ్లు చూసి కాసేపు ఊరుకుని, "అయితే అది ఎద్దు కాదు, దానికి ఆ పేరు పెట్టుడు తప్పు" అని ఇంకో కేసు మొదలుపెట్టాడు.

ఆదివారం బిర్లాకి పోయాం. వాడు కోటసారస్ చుట్టూ మూడు రౌండ్లు తిరిగాడు. ఇప్పుడు ఇంకో ప్రశ్న పట్టుకున్నాడు, రాతిపలక గారూ ఇది మీకే. కార్నోటారస్‌ది ఒక్కటే అస్థిపంజరం దొరికిందన్నారు కదా, అది మొత్తం దొరికిందా అని.

రాతిపలక

అబ్బ, మంచి ప్రశ్న. లేదు. తల, మెడ, వీపు, చేతులు బాగా దొరికాయి. తోకలో మొదటి భాగమే ఉంది, మిగతా మూడింట రెండు వంతులు లేదు. మోకాలి కింద చాలా భాగం లేదు, పాదాలు అసలు లేవు. బొమ్మల్లో, మ్యూజియంలో పెట్టేవి దాని దగ్గరి చుట్టాల్ని చూసి చేసినవి. ముఖ్యంగా ఆకాసారస్ అని అర్జెంటీనాలోనే దొరికిన ఇంకొకటుంది, 2002లో పేరు పెట్టారు, దానికి కాళ్లు బాగా దొరికాయి. మీరు ఆదివారం చూసిన కోటసారస్‌కి కూడా తల దొరకలేదు, ఒకట్రెండు పళ్లు తప్ప. అక్కడ పెట్టిన తల చేసి పెట్టిందే.

నల్లకుంట_నాన్న

మీ జవాబు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయాడు. అరగంట తర్వాత చూస్తే బొమ్మ రెండు పాదాలకీ, తోక చివరికీ తెల్ల టేపు చుట్టి ఉంది, టేపు మీద పెన్సిల్‌తో 'ఇంకా దొరకలేదు' అని. సోమవారం క్లాసుకి అలాగే తీసుకెళ్తాడట.